మార్కులొక్కటే చాలవు.. బడి లెక్కలూ చూడాలి

పుట్టపర్తి: తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల మెగా సమావేశం 2025 జులై 10న రాష్ట్రవ్యాప్తంగా జరిగింది. పుట్టపర్తి సమీపంలోని కొత్తచెరువు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఏర్పాటైన కార్యక్రమానికి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు హాజరయ్యారు. ఇటువంటి సమావేశాల్లో తల్లిదండ్రులు సహజంగా అడిగే మొదటి ప్రశ్న తమ బిడ్డకు ఎన్ని మార్కులు వచ్చాయన్నదే. బడిలో ఎందరున్నారు, వారి ఇంటి భాష ఏది, ఏడాదిలో ఎన్ని రోజులు వస్తున్నారు అన్న ప్రశ్నలు అరుదు. ఉపాధ్యాయ పోస్టులైనా, బడి మనుగడైనా ఆధారపడేది ఈ లెక్కలపైనే.

అంకెను బట్టే అయ్యవార్లు

దేశంలోని ప్రతి పాఠశాలకూ యూడైస్ పేరిట 11 అంకెల సంఖ్య ఉంటుంది. బాలురు, బాలికలు, సామాజిక వర్గాలు, దివ్యాంగులు, తరగతి గదులు, మరుగుదొడ్లు, తాగునీరు తదితర వివరాలన్నీ దీని కింద నమోదవుతాయి. 2022-23 నుంచి పాఠశాల మొత్తంగా కాక, విద్యార్థుల వారీగా వివరాలు సేకరిస్తున్నారు.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు ఇద్దరు, 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు, 200 వరకు అయిదుగురు ఉపాధ్యాయులు ఉండాలి. 150 దాటితే అదనంగా ప్రధానోపాధ్యాయుడు ఉండాలి. ఇద్దరే ఉన్నచోట అయిదు తరగతులనూ వారే పంచుకోవాలి. అలాంటి బడి ఫలితాన్ని తరగతికో ఉపాధ్యాయుడున్న బడితో పోల్చడం న్యాయం కాదు.

ఒక్కరితో ఇరవై శాతం

చిన్న బడుల విషయంలో శాతాలు తరచూ తప్పుదోవ పట్టిస్తాయి. ఉదాహరణకు అయిదో తరగతిలో అయిదుగురే ఉన్నారనుకుందాం. నిరుడు నలుగురు ధారాళంగా చదివితే 80 శాతం. ఈసారి ముగ్గురు చదివితే 60 శాతం. కాగితంపై ఇరవై శాతం పడిపోయినట్లు కనిపించినా, తేడా ఒక్క విద్యార్థి మాత్రమే. అదే 50 మంది ఉన్న పట్టణ బడిలో ఒక్కరి వల్ల వచ్చే తేడా రెండు శాతమే. పల్లె బడుల్లో శాతంతోపాటు ఎందరిలో ఎందరన్నది అడిగి తీరాలి.

ఎవరీ పిల్లలు?

శ్రీసత్యసాయి జిల్లా 2022 ఏప్రిల్ 4న అనంతపురం నుంచి విడివడింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి జిల్లా అక్షరాస్యత 63.57 శాతం. మహిళల్లో అది 53.97 శాతమే. ఇంటి వద్ద చదివించేవారు లేని పిల్లలు ప్రభుత్వ బడుల్లో ఎందుకు ఎక్కువో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

భాష మరో అంశం. మడకశిర ప్రాంతంలో కన్నడం, హిందూపురం, కదిరిలలో ఉర్దూ, తండాల్లో లంబాడీ ఇంటి భాషలు. కన్నడ, ఉర్దూ మాధ్యమాలకు బడులున్నా, తండా బిడ్డ మాత్రం ఒకటో తరగతిలోనే మరో భాషలోకి అడుగుపెట్టాలి. చదవడంలో వెనుకబాటు తెలివి తక్కువై కాకపోవచ్చు.

వలస మూడోది. వేరుశనగ చేతికి రాని ఏడు కూలి కుటుంబాలు బెంగళూరు దారి పడతాయి. కొందరు పిల్లలు అవ్వాతాతల వద్ద ఉండిపోతారు. మరికొందరు వెంట వెళతారు. వారి పేరు రిజిస్టరులో ఉంటుంది, హాజరు ఉండదు, పరీక్ష గడి ఖాళీగా మిగులుతుంది. వీరి లెక్క విడిగా తీస్తేనే బోధన లోపమెంతో, గైర్హాజరు ప్రభావమెంతో తేలుతుంది.

చదవడమే అసలు పరీక్ష

అసర్ గ్రామీణ సర్వే ప్రకారం రెండో తరగతి పాఠం చదవగలిగిన అయిదో తరగతి విద్యార్థులు రాష్ట్రంలో 2018లో 59.7 శాతం ఉండగా, 2022లో 36.3 శాతానికి తగ్గారు. మధ్యలో కరోనాతో బడులు మూతపడ్డాయి. ఇది రాష్ట్రం మొత్తానికి చెందిన అంకె, ఏ ఒక్క బడికీ అంటగట్టరాదు. అయితే ఈ పరీక్ష ఏ ఇంట్లోనైనా చేయవచ్చు. రెండో తరగతి తెలుగు వాచకంలో ఒక పుట తెరిచి బిడ్డతో చదివిస్తే చాలు. తల్లికి చదువు రాకున్నా, తడబడుతున్నాడో లేదో వింటే తెలుస్తుంది.

పోల్చేముందు జాగ్రత్త

2022లో 117 జీవో కింద అనేకచోట్ల 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించారు. 1, 2 తరగతులే మిగిలిన బడుల్లో సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది. 2025 మేలో ఆ విధానాన్ని మార్చి, తరగతికో ఉపాధ్యాయుడు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలను ప్రకటించారు. తరగతులు తరలిన ఏళ్ల లెక్కను అంతకు ముందు, వెనుక లెక్కలతో నేరుగా పోల్చి 'బడి ఖాళీ అయింది' అనడం పొరపాటు.

హాజరుకు భోజనమూ ఆసరా. మధ్యాహ్న భోజనం రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. పుట్టపర్తి సత్యసాయి సెంట్రల్ ట్రస్టు భాగస్వామ్యంతో 2023 మార్చిలో రాగిజావ చేరింది.

తల్లిదండ్రులు అడగవలసినవి

* తరగతిలో ఎందరున్నారు? పరీక్షకు ఎందరు హాజరయ్యారు?
* బడికి మంజూరైన ఉపాధ్యాయులెందరు? పనిచేస్తున్నవారెందరు?
* వాచకం తడబడకుండా చదివేవారెందరు?
* నెలకు పైగా రానివారెవరు? తిరిగి వచ్చాక వారికి ప్రత్యేక బోధన ఉందా?
* యూడైస్‌లో నమోదైన సంఖ్య, బడిలో కూర్చున్న సంఖ్య ఒకటేనా?

చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది మహిళలై ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారీ, నిధుల వినియోగంపై పర్యవేక్షణ ఈ కమిటీ బాధ్యతలు. కాబట్టి పై లెక్కలు అడగడం సభ్యులకు చట్టం ఇచ్చిన పని. ఉపాధ్యాయుల సర్దుబాటు జాబితా వచ్చాక ఆందోళన చెందేకంటే, యూడైస్ నమోదు సమయంలోనే ఒక్కసారి సరిచూసుకుంటే ఊరి బడికి మేలు.