తిరుమల కానుకలు, పల్లె చెరువులు

తిరుపతి చుట్టుపక్కల ఏడాది పొడవునా పారే ఏరు లేదు. స్వర్ణముఖి కూడా వానలు పడితేనే పారుతుంది. అందుకే ఈ సీమలో వరికి చెరువే దిక్కు. విజయనగర కాలంలో ఆ చెరువులకు పెట్టుబడి పెట్టిన వారిలో తిరుమల గుడి ఒకటి.

కొండమీదా కిందా గుడిగోడలపై వెయ్యికి పైగా శాసనాలున్నాయి. ఎక్కువ భాగం తమిళంలోనే. వాటి ప్రకారం రాజులు ఊళ్లు రాసిచ్చేవారు, ఇతరులు రొక్కం ఇచ్చేవారు. గుడి ఖజానా అయిన శ్రీభండారంలో చేరిన రొక్కం ఊరికే మూలగలేదు. స్థానత్తార్ అనే ధర్మకర్తలు దానితో దేవుడి ఊళ్లలో చెరువులు, కాలువలు తవ్వించేవారు, పాతవాటిని బాగుచేయించేవారు. అలా పెరిగిన పంటలోంచి దాత పేరిట నైవేద్యం జరగాలన్నది ఒప్పందం. నివేదించిన ప్రసాదంలో నాలుగో వంతు దాతది. అతడు దాన్ని వారసులకో మఠానికో రాసివ్వవచ్చు, అమ్ముకోనూ వచ్చు. పుణ్యంతోపాటు రాబడి కూడా ఉన్న దానమన్నమాట. 1456–1570 మధ్య ఈ లెక్కలను పరిశీలించిన అమెరికన్ చరిత్రకారుడు బర్టన్ స్టెయిన్ 1960లో ఈ సంగతిని వెలుగులోకి తెచ్చాడు.

ఈ ఫలం అందరికీ సమానంగా అందిందనలేం. దాతకూ గుడికీ ఎంతెంత వాటానో శాసనాలు పూసగుచ్చినట్టు చెబుతాయి. మడి దున్నినవాడికి ఏం మిగిలిందో చెప్పడానికి వాటికి అంత శ్రద్ధ లేదు. అయినా ఒక వైపు తలుపు కొంత తెరుచుకుంది. చంద్రగిరి ఏలిక సాళువ నరసింహుడు, 1485లో విజయనగర సింహాసనమెక్కినవాడు, యాత్రికులకు అన్నం పెట్టే రామానుజకూటాలను ఏర్పరచి కందాడై రామానుజయ్యంగారికి అప్పగించాడు. ఆయన శిష్యులైన సాత్తాద వైష్ణవులు బ్రాహ్మణేతరులు. ఆయన పలుకుబడితో వారికీ గుడి సేవల్లో, ప్రసాదంలో వాటా దక్కింది.

1565 యుద్ధంలో ఓడాక విజయనగర సామ్రాజ్యం సన్నగిల్లింది, పెద్ద దానాలూ తగ్గాయి. ఆర్కాటు నవాబుల చేతికి వచ్చేసరికి గుడి రాబడి ఖజానాకు ఆదాయ వనరైంది. 1801లో వచ్చిన ఈస్టిండియా కంపెనీ కూడా మిగులును తానే తీసుకుంది. 1843లో నిర్వహణ హాథీరాంజీ మఠం మహంతుల చేతికి, 1933లో దేవస్థానం కమిటీ చేతికి వెళ్లింది. 1985లో మొదలైన నిత్యాన్నదానంలో పాత పద్ధతి సగమే తిరిగొచ్చింది: అసలును కదపరు, వడ్డీతో అన్నం పెడతారు. అయితే ఆ అసలు ఇప్పుడు చేరేది చెరువుకు కాదు, బ్యాంకుకు.