అరియాంకుప్పం కోట కూలిన కథ

ఇట్లా దగ్గరికి జరగండి పిల్లలూ. ఆ కొబ్బరిమట్ట కొంచెం లోపలికి తొయ్యి నాయనా, మంట ఆరిపోతోంది. మన వీరాంపట్టినం పక్కన కోట ఎందుకుండేదని కదా అడిగారు? చెబుతా.

1748లో బాస్కవెన్ అనే ఇంగ్లీషు దొర పుదుచ్చేరి పట్టుకుందామని ఓడలు, దండు వేసుకుని వచ్చాడు. దారికి అడ్డంగా ఉన్నది అరియాంకుప్పం కోట. చిన్నదే కదా అని మీద పడితే ఫ్రెంచివాళ్లు తరిమికొట్టారు. ఆ పోరులోనే స్ట్రింజర్ లారెన్స్ అనే పెద్ద ఇంగ్లీషు సేనాని వాళ్లకు పట్టుబడ్డాడు. ఆ తర్వాత ఫ్రెంచివాళ్ల మందుగుండే పేలి మనుషులు పోయారు. ఇక నిలవలేమని కోటను తామే పేల్చేసి పుదుచ్చేరిలోకి వెళ్లిపోయారు. ఊరు మాత్రం దక్కింది. వానలు ముంచుకొచ్చి అక్టోబరులో ఇంగ్లీషు దండు వెనుదిరిగింది.

ఇంగ్లీషు, ఫ్రెంచివాళ్ల మధ్య ఈ పోరు ఎందుకంటే, నవాబులు కొట్టుకుంటే దొరలు మధ్యలో దూరారని అంటారు. నేనొప్పుకోను. నవాబుల తగాదా సాకు. అసలు గొడవ గుడ్డల దగ్గర మొదలైంది. మచిలీపట్నం కలంకారీ, ఇక్కడి నీలి గుడ్డ కొనడానికి ఇంగ్లీషు, ఫ్రెంచి కంపెనీలు రెండూ సీమ నుంచి వెండి మోసుకొచ్చేవి. చేతిలో భూమి ఉంటే ఆ శిస్తుతోనే గుడ్డ కొనొచ్చు, వెండి తేనక్కర్లేదు. ఈ లెక్క పుదుచ్చేరి ఫ్రెంచి గవర్నరు డూప్లేకి బాగా తలకెక్కింది. శిస్తు రావాలంటే నవాబు మనవాడవ్వాలి. వాణ్ణి నిలబెట్టాలంటే సిపాయిలు కావాలి. సిపాయిల జీతాలకు మళ్లీ శిస్తే కావాలి. ఒకడు ఆ దారి పట్టాక రెండోవాడు ఊరుకుంటాడా?

పైగా 1746లో మద్రాసు పక్కన అడయారు దగ్గర ఫ్రెంచివాళ్లు కొద్ది వందల మందితో ఆర్కాటు నవాబు పెద్ద సైన్యాన్ని చెదరగొట్టారు. ఆ రోజుతో దొరలకు నవాబులంటే భయం పోయింది.

సీమలో రాజులు కొట్టుకుంటే ఇక్కడ ఫిరంగులు మోగేవి, అక్కడ రాజీ పడితే ఇక్కడ ఊళ్లు చేతులు మారేవి. ఫ్రెంచివాళ్లు గెలుచుకున్న మద్రాసును, ఎక్కడో కెనడా వైపున్న లూయీబర్గ్ కోట కోసం తిరిగిచ్చేశారు. మద్రాసు జనాన్ని అడిగినవాడెవడు?

మన తెలుగు నేల గతీ అంతే. 1753లో నిజాం సలాబత్ జంగ్, ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం ఖర్చుల కింద ముస్తఫానగరం, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లు రాసిచ్చాడు. ఆ ఫ్రెంచి పెత్తనంలోనే 1757లో బొబ్బిలి తగలబడింది. మరుసటేడు చందుర్తిలో, ఆ పై ఏడు మచిలీపట్నంలో ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివాళ్లను ఓడించి ఆ నేలను లాక్కున్నారు.

చివరికి పుదుచ్చేరి వంతు వచ్చింది. 1760లో ముట్టడి పడింది, తిండి కరువైంది. ఫ్రెంచి సేనాని లాలీ దొర ఊళ్లోని మనవాళ్లను, ఆడా మగా పిల్లలతో సహా 1400 మందిదాకా బయటికి గెంటేశాడు. బయట ఇంగ్లీషువాళ్లు దారి వదల్లేదు. వెనక్కి వస్తే లోపలివాళ్లు తుపాకులు పేల్చారు. గడ్డీ గాదం ఏరుకు తింటూ ఎనిమిది రోజులు రెండు దండుల మధ్య తిరిగారు. అప్పుడుగానీ ఇంగ్లీషు సేనాని కూట్ దొర వాళ్లను పోనివ్వలేదు.