సాయం చేసినవాడే సాక్షి అయిన కాలం

మద్రాసు నుంచి కలకత్తాకు పోయే పాత ట్రంకు రోడ్డు, అంటే నేటి 16వ నంబరు జాతీయ రహదారి, శ్రీకాకుళం జిల్లాలోని నరసన్నపేట మీదుగా సాగుతుంది. పర్లాకిమిడి వైపు నుంచి వచ్చే దారి కూడా అక్కడే దానిలో కలుస్తుంది. ఇటువంటి కూడలి ఊళ్లలో ప్రమాదాన్ని ముందుగా చూసేది బడ్డీకొట్టువారు, ఆటో డ్రైవర్లు, బస్సు కోసం నిలబడినవారు కాబట్టి, వైద్యం అందేలోపు వారు ఏం చేశారు, ఏం చేయలేకపోయారు అన్నది ఈ ప్రాంత చరిత్రలో విడదీయరాని భాగం.

వాహనాలు లేని రోజుల్లో రోగిని మంచం మీద పడుకోబెట్టి నలుగురు భుజాలకెత్తుకునేవారు. ఉత్తరాంధ్ర ఏజెన్సీ గ్రామాల్లో కర్రకు గుడ్డ కట్టి మోసే డోలీ నేటికీ కనబడుతుంది. ఆ మంచం నెమ్మదిగా సాగినా మనిషిని పడుకున్నట్టే చేర్చేది. తరవాతి కాలంలో దెబ్బతిన్నవాడిని చేతులూ కాళ్లూ పట్టి ఎత్తి ఆటో వెనుక సీటులో కుదించి కూర్చోబెట్టే అలవాటు వేగాన్ని తెచ్చింది గాని, విరిగిన వెన్నెముకకు అది చేసే హాని తక్కువ కాదు.

అయితే చేతులు ముందుకు రాకపోవడానికి అజ్ఞానం కన్నా భయమే పెద్ద కారణం. ప్రమాదపు గాయాన్ని ఆసుపత్రులు మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసు విచారణతో ముడిపడిన కేసుగా చూసేవి. అందువల్ల తీసుకొచ్చినవాడికి ప్రశ్నలు, స్టేషను, ఆపై కోర్టు వాయిదాలు తప్పేవి కావు. కూలి పోగొట్టుకుని వాయిదాలకు తిరగలేని మనిషి పక్కకు తప్పుకుంటే అతణ్ని రాతిగుండెవాడని నిందించడం అన్యాయం. పరమానంద్ కటారా కేసు ఈ దుస్థితిని దేశం ముందు పెట్టింది: కారు గుద్దిన స్కూటరిస్టును దారినపోయే మనిషి దగ్గరి ఆసుపత్రికి చేర్చగా, అలాంటి కేసులు చూసే ఆసుపత్రి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉందని వైద్యులు పంపేశారు, గాయపడినవాడు దారిలోనే చనిపోయాడు. ప్రాణం కాపాడటం ప్రతి వైద్యుడి విధి అనీ, లాంఛనాలు దానికి అడ్డు కారాదనీ సుప్రీంకోర్టు 1989లో తేల్చి చెప్పింది. ఆ తీర్పు వైద్యుణ్ని కట్టడి చేసింది గాని, తోడొచ్చినవాడికి రక్షణ దొరకడానికి మరో పాతికేళ్లకు పైగా పట్టింది. 2016 మార్చి 30న సేవ్‌లైఫ్ ఫౌండేషన్ కేసులో అదే కోర్టు, సాయం చేసినవారి రక్షణకు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 134ఎ సెక్షన్, సదుద్దేశంతో సాయం చేసినవారిని సివిల్, క్రిమినల్ బాధ్యతల నుంచి కాపాడుతుంది. 2020 నాటి నియమాల ప్రకారం పేరు, చిరునామా చెప్పమని వారిని ఎవరూ బలవంతపెట్టరాదు. ఈ హక్కులను ఆసుపత్రి గుమ్మం దగ్గర స్థానిక భాషలో కూడా రాసి పెట్టాలి.

ఇంతలో 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన 108 అంబులెన్సు సేవ క్రమంగా జిల్లాలన్నిటికీ విస్తరించి, మోసుకుపోయే భారాన్ని తగ్గించింది. దానితో పక్కనున్నవారి పని మారింది: సరైన ఆనవాలు చెప్పడం, కారే రక్తాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టడం, మెడ కదపకుండా ఉంచడం, స్పృహ, శ్వాస రెండూ లేకపోతే సీపీఆర్, అంటే ఛాతీ మధ్య నిమిషానికి 100 నుంచి 120 సార్లు బలంగా నొక్కడం మొదలుపెట్టడం. ఈ పద్ధతికి పునాది వేసిన ఛాతీ మర్దన పరిశోధన అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ నుంచి 1960లో వెలువడినా, మన బస్టాండుల్లో దాన్ని చేయగలిగినవారు నేటికీ అరుదు.

మరోవైపు, ఫిట్స్ వచ్చినవాడి గుప్పిట్లో తాళాలగుత్తి పెట్టే ఆచారం మాత్రం చెక్కుచెదరలేదు. ఫిట్స్ చాలాసార్లు కొద్ది నిమిషాల్లో వాటంతట అవే తగ్గుతాయి కాబట్టి ఆ ఘనత ఇనుముకు దక్కింది. నిజానికి చేయవలసింది గట్టి వస్తువులను పక్కకు జరిపి, తల కింద మెత్తటిది పెట్టి, నోట్లో ఏదీ దూర్చకుండా మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టడం, గడియారం చూసి ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోను చేయడం.