బావికి ముందు, వంటింటికి వెనక

కోయంబత్తూరు చుట్టుపక్కల మన తెలుగు ఇళ్ళలో కరెంటు కథ బల్బుతో కాదు, బావితో మొదలవుతుంది. ఇప్పుడు మన పిల్లలు గ్యాసు కూడా తీసేసి ఇల్లంతా కరెంటు మీదే నడుపుదామంటున్నారు. అందుకే, ఇంతదాకా అది మన గడపలోకి ఏ దారిన వచ్చిందో రాసిపెడుతున్నాం.

ఇక్కడ నేల మంచిదే గానీ వాన తక్కువ. నీళ్ళు బావి అడుగున ఎక్కడో ఉండేవి. జత ఎద్దులు, తోలు బాన, వాలుగా తవ్విన దారి ఉంటేనే సేద్యం. తెల్లవారుజామున మోట కడితే ఎండ ఎక్కేదాకా తోలాల్సిందే. తమిళులు దీన్ని కవలై అంటారు, మన ఇళ్ళలోనూ ఆ మాటే నిలిచిపోయింది. 1932లో నీలగిరి కొండల్లో పైకారా దగ్గర నీటితో కరెంటు తీయడం మొదలైంది. మద్రాసు ప్రభుత్వంలో ఉండి ఆ పథకాన్ని ముందుకు నడిపిన పెద్దల్లో సర్ సి.పి.రామస్వామి అయ్యరు ఒకరు. తీగలు కొండ దిగి కోయంబత్తూరు చేరాయి. ముందు నూలు మిల్లులు అందుకున్నాయి, వాటి వెనకే బావులు.

తీగ వస్తే చాలదు కదా, మోటారు కావాలి. అప్పట్లో అది సీమ సరుకు. జి.డి.నాయుడు, డి.బాలసుందరం నాయుడు కలిసి 1937లో ఇక్కడే మోటారు తయారు చేశారు. దేశంలోనే తయారైన మొదటి మోటారు అదేనని ఈ ఊళ్ళో అందరూ చెప్పుకుంటారు. అంతకంటే పెద్ద సంగతి, మా లెక్కలో, పీళమేడులో జరిగింది. పి.ఎస్.గోవిందస్వామి నాయుడు గారి నలుగురు కొడుకులు 1926లో ఆస్తి పంచుకుంటూ అయిదు భాగాలు చేసి, అయిదోది ధర్మానికి రాసిచ్చారు. ఆ భాగంతో నడిచిన సంస్థల్లో పారిశ్రామిక శిక్షణ ఒకటి. పోత పోయడం, లేతు పట్టడం, మరమ్మతు చేయడం వచ్చిన మనుషులు ఊరికి దగ్గర్లో ఉండబట్టే రైతు ధైర్యం చేశాడు. మోటారు కాలిపోతే మద్రాసు దాకా మోసుకుపోవాలంటే ఎవడు ఎద్దుల్ని అమ్ముకుంటాడు? ఈ రోజు కోయంబత్తూరు పంపుసెట్లు దేశమంతా పోతున్నాయంటే దాని వెనక ఈ సేద్యపు అవసరం ఉంది.

ఎద్దుల్ని అమ్మేశాక వెనక్కి పోయే దారి లేదు. ఆ సంగతి 1970లో తెలిసొచ్చింది. యూనిట్ రేటు పెంచితే రైతులు తిరగబడ్డారు. పెరుమానల్లూరులో పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు రైతులు చనిపోయారు. 1972లో మళ్ళీ రేటు పెరిగింది. ఈసారి సి.నారాయణస్వామి నాయుడు ముందు నిలిచాడు. బండ్లు కట్టుకుని రైతులు కోయంబత్తూరు వీధులన్నీ నింపేశారు, ఊరు కదల్లేకపోయింది. మనవాళ్ళే కాదు, గౌండర్లు, ఇతర కులాలవాళ్ళు అందరూ కలిసే చేశారు. ఆ పోరు ఎక్కడెక్కడికో పోయి, చివరికి 1990లో తమిళనాడు రైతులందరికీ బావి కరెంటు ఉచితమయింది.

ఇదంతా మగవాళ్ళు గొప్పగా చెప్పుకునే చరిత్ర. మాకు ఇందులో ఒకటి కొడుతూనే ఉంటుంది: బావి కోసం బండ్లు కట్టారు, వంటింటి కోసం ఒక్క బండీ కట్టలేదు. బావిలో మోటారు తిరుగుతున్నా, ఇంట్లో మా అవ్వలు రుబ్బురోలు ముందు కూర్చునే ఉన్నారు. నానిన బియ్యం, మినపప్పు తిప్పి తిప్పి భుజాలు పడిపోయేవి. పెళ్ళి వస్తే ఆ వారమంతా అదే పని. 1955లో పి.సభాపతి అనే కోయంబత్తూరు ఆయన కరెంటుతో తిరిగే తడి గ్రైండరు తయారు చేశాడు. రాయీ మోటారూ రెండూ ఈ ఊళ్ళో ఉన్నవే, అయినా ఆ రెంటినీ కలపడానికి పైకారా తర్వాత ఇరవై ఏళ్ళు దాటింది. అది మామూలు ఇళ్ళకు చేరడానికి ఇంకెన్నో ఏళ్ళు. 2011లో ప్రభుత్వమే మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఉచితంగా పంచడం మొదలుపెట్టింది. ఓట్ల కోసమే అని నవ్వినవాళ్ళు ఉన్నారు. రుబ్బినవాళ్ళు మాత్రం నవ్వలేదు.

ఇక మిగిలింది పొయ్యి. కట్టెలు పోయి గ్యాసు వచ్చింది, గ్యాసు పోయి ఇండక్షన్ రావాలంటున్నారు. పెద్దవాళ్ళు వెనకాడితే చాదస్తం అనుకోకండి. 2012లో మన జిల్లాలో రోజుకు పది గంటలకు పైగా కరెంటు పోయిన రోజులు వాళ్ళు మరిచిపోలేదు. గ్రైండరు ఆగితే దోసెలు రేపు పోసుకోవచ్చు, పొయ్యి ఆగితే బిడ్డకు పాలెట్లా కాచాలి?

లెక్కా చూడాలి. ఒక గ్యాసు సిలిండరు చేసే వంటకు ఇండక్షన్ మీద సుమారు 110 నుంచి 130 యూనిట్లు పడుతుంది. రెండు నెలల బిల్లులో మొదటి 100 యూనిట్లు ఉచితం, నిజమే. కానీ మొత్తం 500 దాటితే కింది మెట్ల రేట్లు కూడా పెరుగుతాయి. ఏసీ ఉన్న ఇల్లు ఆ గీత దగ్గరే ఉంటుంది కాబట్టి పొయ్యి కూడా కలిస్తే దాటిపోతుంది. చిన్న ఇంటికి మాత్రం ఇదే లాభం కావచ్చు. పైకప్పు మీద సోలారు పెట్టుకున్నవాళ్ళ లెక్క వేరు.

గిన్నెల గోల ఇంకొకటి. ఇత్తడి, అల్యూమినియం పనికిరావు, అడుగు చదునుగా ఉన్న ఇనుమో, అయస్కాంతం అంటుకునే స్టీలో కావాలి. గుంట పొంగణాల పెనం దానిమీద కుదురుగా నిలవదు. సంకటి కెలకాలంటే గిన్నెను పాదాలతో అదిమి పట్టే అలవాటు మనది. అద్దం పలక మీద అది కుదరదు, వంటింటి గట్టు మీద అసలే కుదరదు.

అందుకని మా బంధువుల ఇళ్ళలో ఇప్పుడు నడుస్తున్న పద్ధతి ఇది. ఒకే ఇండక్షన్ పొయ్యి, రెండు గిన్నెలతో సహా, నెలకొక ఇంట్లో ఉంటుంది. మొదటి తేదీన ఒకసారి, ఆఖరున ఒకసారి మీటరు చూసి నోటుపుస్తకంలో రాస్తారు. ఆ పుస్తకం పొయ్యితోపాటే పక్కింటికి పోతుంది. ఉంచుకోవాలా వద్దా అన్నది ఆ ఇంట్లో వండేవాళ్ళు చెప్పాలి, బిల్లు కట్టేవాళ్ళు కాదు. ఈ నెల అది సింగనల్లూరులో పెద్దత్త ఇంట్లో ఉంది. పాలకూ టీకీ బాగుందట, సంకటికి మాత్రం గ్యాసే వెలిగిస్తోంది.