మరమ్మతులో మిగిలిన లోపం: ఆర్‌సి4, కోల్‌కతా గణితజ్ఞులు

కోల్‌కతా ఉత్తరాన బ్యారక్‌పూర్ ట్రంక్ రోడ్డు మీద ఉన్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను 1931లో ప్రశాంత చంద్ర మహలనోబిస్ స్థాపించినప్పుడు దాని పని పంటల అంచనాలు, నమూనా సర్వేల వంటి లెక్కలే అయినా, ఆ లెక్కల నుంచి పుట్టిన గణితం కాలక్రమంలో సమాచార భద్రతకు కూడా పనికివచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి ఆ సంస్థలో చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు ప్రయోగాల రూపకల్పన కోసం 1947లో ప్రతిపాదించిన ఆర్థోగనల్ అమరికలు, అంటే నిర్ణీత సంఖ్యలో ఏ నిలువు వరుసలను తీసుకున్నా అన్ని కలయికలూ సమాన సంఖ్యలో కనిపించే పట్టికలు, దశాబ్దాల తరవాత గుప్తలిపి ప్రమేయాల నిర్మాణానికి ఆధారమయ్యాయి. ఈ సంప్రదాయం మీదనే సంస్థలో గుప్తలిపి శాస్త్రం వేళ్లూనుకుంది. 2000 డిసెంబరులో తొలి ఇండోక్రిప్ట్ అంతర్జాతీయ సదస్సు కోల్‌కతాలోనే జరిగింది.

అదే కాలంలో ప్రపంచమంతటా వైర్‌లెస్ నెట్‌వర్క్ పరికరాలు ఆర్‌సి4 అనే గుప్తలిపి మీద ఆధారపడి ఉండేవి. రోనాల్డ్ రివెస్ట్ 1987లో రూపొందించగా వ్యాపార రహస్యంగా ఉండి 1994లో బయటపడిన ఈ పద్ధతి, 256 సంఖ్యల వరుసను రహస్య తాళంతో కలగలిపి, దాని నుంచి యాదృచ్ఛికంగా కనిపించే బైట్ల ప్రవాహాన్ని పుట్టించి, సందేశాన్ని ఆ ప్రవాహంతో కప్పుతుంది. 1997 నాటి వైర్‌లెస్ ప్రమాణంలోని వెప్ అనే రక్షణ ఏర్పాటు దీన్నే వాడుకోగా, ప్రతి ప్యాకెట్‌తో బహిరంగంగా వెళ్లే సంఖ్యను తాళానికి ముందు చేర్చే దాని తీరు వల్ల అసలు తాళమే తెలిసిపోతుందని 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ నిరూపించారు.

అప్పటికే అమ్ముడైన వైర్‌లెస్ నెట్‌వర్క్ కార్డుల్లోని చిప్‌లు ఆర్‌సి4కు అనువుగా తయారైనవి కావడంతో, కొత్త గుప్తలిపిని మోయగల శక్తి వాటిలో చాలావాటికి లేక, పరికరం లోపల నిక్షిప్తమై దాన్ని నడిపించే ఫర్మ్‌వేర్‌ను మాత్రమే మార్చడం సాధ్యమైంది. అలా 2003లో వెప్‌కు బదులుగా వచ్చిన డబ్ల్యుపిఏ అనే రక్షణ ఏర్పాటులోని టికిప్ పద్ధతి ప్రతి ప్యాకెట్‌కూ కొత్త తాళాన్ని తయారుచేస్తూ, తెలిసిన బలహీన తాళాలను తప్పించడానికి తాళంలోని రెండో బైటును మొదటి బైటు నుంచే ఒక నియమం ప్రకారం లెక్కగట్టింది.

ఆర్‌సి4 ప్రవాహంలోని ఏ బైటు ఎంత పక్షపాతం చూపుతుందో, ఎందుకు చూపుతుందో తేల్చడం కోల్‌కతా పరిశోధకుల ప్రత్యేకత అయింది. ప్రవాహంలోని రెండో బైటు సున్నా అయ్యే అవకాశం 256లో ఒకటి కావలసింది దాదాపు 128లో ఒకటిగా ఉందని మాంటిన్, షమీర్ 2001లోనే చూపగా, 3వ స్థానం నుంచి 255వ స్థానం వరకూ ఉన్న బైట్లన్నీ సున్నా వైపు స్వల్పంగా మొగ్గుతాయని శుభమయ్ మైత్ర, గౌతమ్ పాల్, సౌరవ్ సేన్‌గుప్తా 2011లో నిరూపించారు. ఒకే సందేశం వేర్వేరు తాళాలతో పదేపదే వెళ్లినప్పుడు, ఒక్కొక్క స్థానంలో తరచుగా వచ్చే విలువను లెక్కించడం ద్వారా ఆ చిన్న మొగ్గులే అసలు అక్షరాలను బయటపెడతాయి.

ఈ పరిశోధకులే విల్లీ మైయర్, శాంతను సర్కార్‌లతో కలిసి 2014లో వెలువరించిన మరో పత్రం టికిప్ మరమ్మతునే పరీక్షకు పెట్టింది. రెండో బైటు మొదటిదాని మీద ఆధారపడడం వల్ల తాళపు తొలి బైట్ల మొత్తంలో అసమానత ఏర్పడి, అది ప్రవాహంలో కొత్త పక్షపాతాలుగా తేలుతుందని, దాంతో డబ్ల్యుపిఏ మరింత బలహీనపడుతుందని అందులో తేలింది. పాత దాడిని అడ్డుకోవడానికి పెట్టిన నియమమే కొత్త దాడికి దారి చూపిందన్నమాట.

అయినా ఆ మరమ్మతును వృథా అనడం న్యాయం కాదు. కార్డులన్నిటినీ ఒక్కసారిగా మార్చలేని పరిస్థితిలో, 2004లో ప్రమాణమైన, ఏఈఎస్ అనే వేరే గుప్తలిపి ఆధారంగా పనిచేసే రక్షణ కొత్త పరికరాలతో వ్యాపించే దాకా అది గడువు సంపాదించిపెట్టింది. లోపం వాడుక తీరులోనే కాక గుప్తలిపి నిర్మాణంలోనే ఉన్నప్పుడు ఫర్మ్‌వేర్ సవరణ గడువును మాత్రమే ఇవ్వగలదు, ఆ గడువు ఎప్పుడు ముగిసిందో చెప్పడానికి కోల్‌కతాలో జరిగినటువంటి ఓపికైన లెక్క కావాలి. అటువంటి రుజువులూ, 2013లో వెబ్ రక్షణకు వాడే టిఎల్ఎస్ మీద చూపిన దాడులూ పోగుపడిన తరవాత, ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ 2015 ఫిబ్రవరిలో టిఎల్ఎస్‌లో ఆర్‌సి4 వాడకాన్ని పూర్తిగా నిషేధించింది.