చీమకుర్తి నుండి కాకినాడకు తీరమార్గం: దారి ఎంపికలో గమనింపదగిన అంశాలు

గెలాక్సీ గ్రానైటుకు ప్రపంచవ్యాప్తంగా పేరొందిన ప్రకాశం జిల్లా చీమకుర్తి నుండి తీరం వెంబడి కాకినాడ వైపు వెళ్లదలచిన వారికి, సుమారు 20 కి.మీ. దూరంలోని ఒంగోలు వద్ద రెండు దారులు కలవు. 16వ నంబరు జాతీయ రహదారి (2010కి ముందు 5వ నంబరు) మేదరమెట్ల, చిలకలూరిపేట, గుంటూరుల మీదుగా సాగుతుంది. వేగమే ప్రధానమైనచో ఇది చాలును. సముద్రం మాత్రం కానరాదు. త్రోవగుంట వద్ద కుడివైపునకు చీలే 216వ నంబరు జాతీయ రహదారి చీరాల, బాపట్ల, రేపల్లె, మచిలీపట్నం, నరసాపురం, అమలాపురం, కాకినాడల మీదుగా సుమారు 390 కి.మీ. సాగి కత్తిపూడి వద్ద మరల 16వ నంబరు రహదారిలో కలుస్తుంది.

పటంలో ఇది తీరమార్గమే అయినను, రహదారిపై నుండి అలలు కనిపించే చోట్లు అరుదు. కావున ఏ ఉపమార్గంలో దిగవలెనో ముందుగా నిర్ణయించుకొనుట ముఖ్యం. చీరాల నుండి వాడరేవు 7 కి.మీ. లోపు, బాపట్ల నుండి సూర్యలంక సుమారు 9 కి.మీ. దూరంలో ఉన్నవి. సమయం తక్కువైనచో ఈ రెంటిలో ఒకటి విడిచి, చినగంజాం మండలంలోని మోటుపల్లి చూచుట మేలు. ఓడలు దెబ్బతిని ఒడ్డుకు చేరినప్పుడు వర్తకుల సరకును స్వాధీనం చేసికొనబోమని కాకతీయ గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించిన రేవు ఇదే. మార్కోపోలో పేర్కొన్న ముత్ఫిలి ఈ ఊరేనని చరిత్రకారులు భావిస్తున్నారు. చీరాలకు ముందు వచ్చే వేటపాలెంలో 1918లో స్థాపించబడిన సారస్వత నికేతనం పాత పత్రికల నిధి. పాత్రికేయులు దీనిని దాటిపోరాదు.

పెనుమూడి-పులిగడ్డ వారధిపై కృష్ణను దాటిన పిమ్మట దివిసీమ వస్తుంది. అచ్చటి నుండి కోనసీమ వరకు వరిచేలు, కాలువలు, చేపల చెరువులు, కొబ్బరితోటలే తప్ప సముద్రం దాదాపు కనిపించదు. అలల అంచున ప్రయాణం కోరువారికి కాకినాడ-ఉప్పాడ బీచ్ రోడ్డు కలదు. అయితే కోత మూలంగా ఈ రోడ్డు పలుమార్లు దెబ్బతిన్నది. రాకపోకలు సాగుతున్నదీ లేనిదీ ముందుగా విచారించుకొనవలెను.

అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుపానుల కాలం. దివిసీమలో వేలాది ప్రాణాలను బలిగొన్న ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చినది. మిచాంగ్ తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటినది. ఈ నెలలలో బయలుదేరువారు వాతావరణ శాఖ హెచ్చరికలను ఏ పూటకాపూట చూచుకొనవలెను. వాడరేవు, సూర్యలంకల వద్ద స్నానానికి దిగి పలువురు మునిగి మరణించిన సంఘటనలు కలవు. నీరు ప్రశాంతంగా కనిపించినను పోలీసులు, మత్స్యకారులు వద్దన్నచోట దిగరాదు. చీమకుర్తి-ఒంగోలు మధ్య గ్రానైటు రాళ్ల లారీల రద్దీ ఉంటుంది గనుక ఆ భాగాన్ని పగటివేళ దాటుట క్షేమకరం.