లేఖనవిద్య – శ్రుతిపరంపరకు రక్ష

వైదికవిద్య శ్రుతిమూలకం. గురువు ఉచ్చరించిన మంత్రాన్ని శిష్యుడు యథాతథంగా అనూచ్చరించి ధారణ చేయడమే అధ్యయనం. వ్రాతప్రతిని చూచి చదివేవానిని పాణినీయశిక్ష అధమపాఠకులలో చేర్చింది. ఉదాత్తానుదాత్తస్వరితాలు గురుముఖం నుండియే గ్రహింపదగినవి కావడం ఇందుకు హేతువు. ఇంతమాత్రాన మన పూర్వులు లేఖనవిద్యను నిరాదరించారని తలచడం సత్యదూరం.

చౌలకర్మ జరిగిన రాజకుమారునికి ముందుగా లిపిని, సంఖ్యానాన్ని నేర్పవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రం విధించింది. వేదాధ్యయనం ఉపనయనానంతరమే ఆరంభమవుతుంది. అనగా ఆ క్రమంలో అక్షరం త్రయీవిద్యకు పూర్వసోపానం. తెలుగునాట అక్షరాభ్యాసవేళ శిశువు వ్రేలు పట్టి బియ్యంలో వ్రాయించే ఆచారంలో ఈ భావమే నేటికీ నిలిచి ఉంది.

1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ తన జిల్లాలోని 533 పాఠశాలలను గూర్చి ప్రభుత్వానికి నివేదిక పంపాడు. బాలురు తొలుత ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్దడం, పిదప తాటాకులపై గంటంతో వ్రాయడం అందులో వర్ణితమైనవి. కంఠస్థం చేసిన పద్యాల అర్థం బాలురకు తెలియడం లేదన్న లోపాన్ని కూడా ఆయన ఎత్తిచూపాడు. ఆ విమర్శ నేటికీ ఆలోచింపదగినదే. ధారణ శబ్దాన్ని రక్షిస్తుంది. అర్థం గ్రహించినదీ లేనిదీ స్వవాక్యంలో వ్రాయబూనినప్పుడే విద్యార్థికి తేటపడుతుంది.

లేఖనానికి మరొక ప్రయోజనం ఉంది. తాళపత్రం శాశ్వతం కాదు. చెదలు, తేమ దానిని హరిస్తాయి. ప్రతితరంలోనూ శిక్షితహస్తం తిరిగి వ్రాసినందుననే అనేక శాస్త్రకావ్యాలు మనకు దక్కాయి. అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలను వారి కుమారుడు పెదతిరుమలాచార్యులు రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలో భద్రపరచే ఏర్పాటు చేశారు. కాలక్రమాన వాటిలో అత్యధికభాగం గాయకుల నోట మరుగుపడింది. 20వ శతాబ్ది పూర్వార్ధంలో ఆ రేకులు పరిశోధకుల దృష్టికి రాగా, 12,000కు పైగా సంకీర్తనలు లోకానికి మరల లభించాయి. కంఠం మరచినదానిని లేఖనం కాపాడింది. రేకులపై ఉన్నదానికి మరల ప్రాణం పోసినది మాత్రం కంఠమే.

కనుక ధారణ, లేఖనం పరస్పరవిరోధులు కావు. స్వరం గురుముఖం నుండి, వ్రాత స్వహస్తాభ్యాసం నుండి సిద్ధిస్తాయి. శిష్యునికి వల్లెవేయడం నేర్పి వ్రాయడం నేర్పని ఆచార్యుడు, తాను అందించిన విద్యను ఒక్క కంఠపు ఆయుర్దాయానికి అప్పగించినవాడవుతాడు.

స్వస్తి.